అయ్య అల్లిన గంప

బరంపురం, బడా బజారు
మంగళవారం

అమ్మ పాదాలకి నీ కొడుకు ఎర్రయ్య దండాలు. నాను బాగున్నాను. నీ మోకాలినొప్పి ఏటైంది? సెల్లి నూకాలు ఈ ఉత్తరం సదివేటప్పుడు నువ్వు పొయ్యి దగ్గిర నుంచి లేచొచ్చి ఎదురుగా కూకో. అయ్యేదాకా లేవకు.

నూకాలు రాసిన కార్డు అందింది. ఇచ్ఛాపురం సంతకి ఎల్లడం మానీసినావట. మొగుడు పోయినదాని సెయ్యి తగిల్తే సేప పూటకే మురిగిపోతాదని అంటన్నారట, నువ్వూ అది నమ్మీసి ఇంట్లో కూకున్నావట. సదివి కోపమొచ్చింది, ఏడుపూ వొచ్చింది. కానీ ఇపుడు నా దగ్గిర జవాబుందమ్మా. బేగి సెప్పీయాలని కలం ఆగడం లేదు.

ఇక్కడ పనేటంటే, చమఖండి రేవు నుంచి పొద్దున్నే బళ్ళ మీద సేప వొస్తాది. మేం ఏరి, పెట్టిల్లో ఒక వరస ఐసు, ఒక వరస సేప పేర్చి, మూత బిగించి కలకత్తా రైలుకెక్కిస్తాం. సలికి సేతి ఏళ్ళు కొయ్యబారిపోతాయి. కూటికి లోటు లేదు, బెంగ పెట్టుకోకు. ఒడియావోళ్ళ పొఖాళో అంటే మన సల్దన్నమే. గిరిసోల ఊరికి ఇవతల కొత్తగా ఒరిస్సా అయింది గదా, మాపటికి మన మాట ఇనబడకపోతే మాత్రం దిగులేస్తాది.

పోయిన నెల నాను పేర్చిన పెట్టిల్లో సేపే జిగురొచ్చి కంపు కొట్టిందని కలకత్తా నుంచి కబురొచ్చింది. ఐసు తక్కువేం కాలేదు. సావుకారి నా మొహం మీదే అనీసినాడు.

"నీ సెయ్యి మంచిది కాదురా. ఇంకోసారైతే ఊరెల్లిపో."

నిన్నన్న మాటే నన్నూ అన్నాడు.

మా దగ్గిర సేప కొనే కాలేజీ మేష్టారు అది ఇని, దేంట్లో ఏరతావని అడిగినాడు. మా అయ్య అల్లిన జత గంపల్లో ఒకటి అమ్మ దగ్గిర, ఒకటి నా దగ్గిర, అందులోనే అన్నాను. ఎప్పుడు కడిగినావన్నాడు. కడిగితే అయ్య సేతి సలవ పోతాదని అమ్మ నీళ్ళు తగలనీదు, నానూ అంతే అన్నాను.

ఆయన గంప సందుల్లో జిగురు గీకి, నీటిసుక్కలో కలిపి, కాలేజీలో ఒక ఇత్తడి గొట్టం కింద పెట్టి సూడమన్నాడు. అమ్మా, ఏటి సెప్పను! ఆ ఒక్క సుక్కలో జాతరే. సన్నటి పుల్లముక్కల్లాటివి, కొన్ని ఈదతన్నాయి, కొన్ని తిరగతన్నాయి. సేపని మురగబెట్టీవి ఇవేనట. ఐసుకి సావవట. కొన్నైతే ఆ సలిలోనూ మెల్లగా పెరుగుతూనే ఉంటాయట. నాను కన్ను తియ్యలేదు, ఆయనే భుజం పట్టుకుని లాగినాడు.

తిట్టకు. నాను గంప కడిగీసినాను. సలసల కాగే నీళ్ళు పోసి, కొబ్బరిపీసుతో తోమి, ఎండేసినాను. తోమినంతసేపూ అయ్యకి సెప్పుకుంటూనే ఉన్నాను. ఆ తరవాత పంపిన పెట్టెలన్నీ బాగా సేరినాయి. ఇపుడు అందరి గంపలూ నన్నే సూసుకోమన్నాడు సావుకారి.

ఒకటి గేపకం తెచ్చుకో అమ్మా. అయ్య ఉన్నపుడు రోజూ గంపని సముద్రంలో ముంచి ఇసకతో తోమీవోడు. ఆయన పోయినాకే మనం తోమడం మానీసినాం. సేప మురగడమూ అప్పట్నించే. నీ సెయ్యి కాదమ్మా. నీ సెయ్యి ఎప్పుడూ కాదు.

పెద్దయ్యకీ పెద్దమ్మకీ దండాలు సెప్పు. నన్ను సల్లగుండమని ఒక మాటనుకో.

నూకాలూ, సదవడం అయింది గదా, అమ్మని లేపు. పొయ్యి మీద నీళ్ళు పెట్టి, అటక మీద నుంచి గంప దించు. లచ్చివారం సంత.

నీ కొడుకు
ఎర్రయ్య