ఎడంచేతి పటాలం

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. తిరుత్తణిలో నీ ఫోటో స్టూడియో ఖాళీ చేసి, అక్క తిరువళ్ళూరు వచ్చి నెగటివ్‌ల పెట్టె నాకిచ్చింది.

బల్లమీద బొమ్మలు పేర్చి యుద్ధం ఆట ఆడే మద్రాసు డాక్టరు కోసం నేను కత్తులు అతికించి రంగులు వేసిన, పందొమ్మిదో శతాబ్దపు వేషాల సీసపు సిపాయి బొమ్మలు గుర్తున్నాయా? బొమ్మలు పంపేశాక, అంతకుముందు వాటికి తీసిన ఫోటో నువ్వు చూపించి, "ఏం రా, నీ మాదిరే కత్తులన్నీ ఎడంచేతికి అతికించినావే!" అన్నావు. నాది ఎడంచేతి వాటం కదా, నమ్మాను.

ఇవాళ అంచునున్న అంకెలు తిరగబడకుండా సరిగ్గా కనిపించేలా ఆ ఫోటో నెగటివ్‌ను వెలుతురుకు పట్టాను. కత్తులు కుడిచేతుల్లోనే ఉన్నాయి. ఆ నెగటివ్ పెట్టిన కవరు మీద అక్కకు నువ్వు రాసిన మాట: "తిరగేసి ప్రింటు వేసేసినాను. నీ తమ్మునికి చెప్పద్దు."

ఆ ఫోటో చూసినప్పటినుంచి, మళ్ళీ ఆ తప్పు జరక్కూడదని కుడిచేత్తోనే రంగులు వేశాను. ఒక్క సిపాయికీ కళ్ళు కుదరలేదు. ప్రతిసారీ ఫోటో తీస్తూ, ఆ కళ్ళను లెన్సులోంచి నువ్వు చూస్తూనే ఉన్నావు.