కంచె అవతలి కోదండరామ్ గారికి పదకొండు అడుగులు

కెనడాలో గ్వెల్ఫ్ ఊరి బయట గేదెల ర్యాంచ్ నడుపుతున్న నూతక్కి చంద్రకళ అనే నేను, వయసు అరవై నాలుగు, ఈ కాగితాలు నా సొంత దస్తూరితో, పక్కన కూచుని ఎవరూ చెప్పకుండా, ఎవరికీ భయపడకుండా రాసుకుంటున్నాను. ఇంతకుముందు ఎప్పుడైనా ఇలాంటిది రాసి ఉంటే అది చెల్లదు. నా బుద్ధి స్థిరంగానే ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం జత చేశాను. ఒంటి సంగతి వేరు. ఇక్కడి లండన్ ఊళ్ళో హాస్పిటల్ వాళ్ళు క్లోమంలో గడ్డ అన్నారు, ఆపరేషన్‌కి లొంగదన్నారు, ఆకులు రాలేదాకా ఉంటే గొప్పన్నారు. కంచె అవతల కోదండరామ్ గారికి డెబ్బై మూడేళ్ళు, రాయిలాంటి ఒళ్ళు, బుర్రలో మాత్రం ఏదీ నిలవడం లేదు. దేవుడు మా ఇద్దరికీ కలిపి ఒక మంచి ఒళ్ళూ ఒక మంచి బుర్రా మిగిల్చాడు గానీ, రెండూ ఒక్క మనిషిలో పెట్టలేదు.

దీని ఇంగ్లీషు కాపీ లాయర్ త్యాగరాజు తయారు చేస్తాడు. కోర్టుకి అది. మనుషులకి ఇది.

1. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత పై త్యాగరాజుకే అప్పగిస్తున్నాను. మనిషి మంచివాడు. మాటల్లో ఆంటీ అంటాడు, బిల్లు మీద మేడమ్ అని రాస్తాడు. ఇందులో సగం షరతులు కోర్టులో నిలవవని మూడుసార్లు హెచ్చరించాడు. నిలవకపోతే కూచోబెట్టు నాయనా అన్నాను.

2. ర్యాంచ్, ఇల్లు, కొట్టం, పాలు పితికే మెషిన్లు, ట్రాక్టరు, ఇరవై ఆరు గేదెలు, వాటి దూడలు సర్వహక్కులతో మా తమ్ముడి కూతురు ధాత్రికి దఖలు పరుస్తున్నాను. యూనివర్సిటీలో చదువుకోడానికి వచ్చి, రెండు వారాలుంటానత్తా అని చెప్పి, నాలుగేళ్ళుగా నాతో పేడ ఎత్తుతోంది. ధాత్రీ, చీజ్ ఫ్యాక్టరీ వాళ్ళ ట్రక్కు వచ్చేసరికి ట్యాంకు చల్లగా ఉండాలి, ఇంకేం చెప్పను, అన్నీ నీకు తెలుసు. మన స్టూడెంట్లు జున్నుపాలు కావాలని ఫోన్లు చేస్తూనే ఉంటారు. పచ్చిపాలు అమ్మడానికి రూల్స్ ఒప్పుకోవని ఖరాఖండీగా చెప్పు. చెప్పాక లోపలికి పిలిచి మనింట్లో వండిన జున్ను పెట్టు. సుందరి ఈనడం మానేసినా దాన్ని అమ్మకూడదు.

ఈ దఖలుకి ఒక షరతు ఉంది. అది ఆరో క్లాజులో ఉంది. అది చదవకుండా సంతకం పెట్టకు.

3. నా మాజీ భర్త సీతారామారావు గారికి, టొరంటోలో క్షేమంగా ఉన్నారని విన్నాను, ఒక సీసా గేదె నెయ్యి. విడాకుల రోజున కోర్టు మెట్ల మీద, పోయి గేదెలు కాసుకో అన్నారు. కాశాను. వేడి అన్నంలో వేసుకోండి.

4. నా భూమికి పడమటి కంచె వెంబడి ఉన్న పదకొండు అడుగుల వెడల్పు స్థలాన్ని, పొడవు సర్వే ప్రకారం, పక్క ర్యాంచ్ యజమాని మాడుగుల కోదండరామ్ గారికి నా తదనంతరం పూర్తిగా వదిలేస్తున్నాను. టౌన్‌షిప్ ఆఫీసు పర్మిషన్లు త్యాగరాజు చూసుకుంటాడు. ఈ పదకొండు అడుగుల కోసం మేమిద్దరం ఐదేళ్ళు కొట్టుకున్నాం. ఎందుకు కొట్టుకున్నామో కూడా ఇక్కడే రాస్తున్నాను, తర్వాత చెప్పడానికి ఎవరూ ఉండరు.

ఆయన విండ్సర్ కార్ల ఫ్యాక్టరీలో పాతికేళ్ళు చేసి, రిటైరై, గుర్రాలు పెంచాలని 2008లో ఈ పక్క స్థలం కొన్నారు. నేను అప్పటికే పన్నెండు గేదెలతో ఉన్నాను. మొదటిరోజు నా గేదె ఒకటి కంచె తోసుకుని అవతలికి పోయింది. ఆయన వచ్చి, "ఏందమ్మా, నీ బర్రెలు నా జాగల పడ్డయి, నువ్వు చూసుకోవా?" అన్నారు. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. వాళ్ళ వైపు నువ్వు అనడంలో తప్పులేదని, దగ్గరితనమని నాకప్పుడేం తెలుసు? నాది కృష్ణా జిల్లా. ఒళ్ళు మండిపోయింది. ఎవర్ని పట్టుకుని నువ్వంటున్నారు, మర్యాద నేర్చుకోండి అని నలుగురి ముందు దులిపేశాను. ఆ మనిషి మొహం నల్లబడింది. అంతే, మర్నాటి నుంచి "చంద్రకళ గారూ, తమరి గేదెలు", "చంద్రకళ గారూ, తమరి లాయరు నోటీసు అందింది". గారు అన్నప్పుడల్లా చెప్పుతో కొట్టినట్టుండేది. ఆయన టౌన్‌షిప్‌కి కంప్లైంట్ పెడితే నేను సర్వే చేయించాను. నా సర్వేలో పదకొండు అడుగులు నావి, ఆయన సర్వేలో ఆయనవి. మా ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది, అదీ గడ్డికి కరువులేని ర్యాంచుల్లో.

2013 డిసెంబరులో ఐసు వాన పడి నాలుగు రోజులు కరెంటు పోయింది. మిల్కింగ్ మెషిన్లు ఆగిపోయాయి. ఇరవై రెండు గేదెలు పొదుగులు బిగిసి అరుస్తున్నాయి, నేనొక్కదాన్ని. ఏడుస్తూ ఒక్కోదాన్నీ పితుకుతుంటే, వెనకనుంచి ఎవరో బక్కెట్టు లాక్కుని అవతలి గేదె పక్కన కూచున్నారు. గుర్రాలాయన! బొటనవేలు మడిచి, నురగ వచ్చేలా, పుట్టినప్పటినుంచీ అదే పని చేసినవాడిలా పితికారు. చిన్నప్పుడు బళ్ళోకి పోయేముందు రోజూ పదిహేను బర్రెల పాలు పిండేవాడట. అది తప్పించుకోడానికే చదువుకున్నానని, కెనడా వచ్చి మళ్ళీ బర్రెల పక్కనే ఇల్లు కొన్నందుకే అంత కోపమనీ చెప్పారు. మూడోరోజుకి నా చేతులు వాచిపోయాయి. "నువ్వు లెవ్వు, మిగిలినయి నేను పిండుత" అన్నారు. ఆ నువ్వుకి నాకు కోపం రాలేదు. గేదె వెనక మొహం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చాను.

5. తర్వాత తొమ్మిదేళ్ళు. వీలునామాలో ఇవి రాయడానికి క్లాజు ఏమిటో తెలియదు గనక ఊరికే రాస్తున్నాను. కంచెకి మధ్యలో చిన్న గేటు పెట్టుకున్నాం. పొద్దున టీ ఆయన దగ్గర, సాయంత్రం భోజనం నా దగ్గర. ఎవరి ఇల్లు వాళ్ళది. నేను కూడా ఆయన్ని నువ్వు అనడం నేర్చుకున్నాను, నోరు తిరగడానికి ఆర్నెల్లు పట్టింది. పెళ్ళి మాట ఇద్దరం ఎత్తలేదు. ఈ వయసులో కాగితాలెందుకులే అనుకున్నాం. ఎంత బుద్ధితక్కువ పని చేశాం! మొదటిసారి ఆయన దారి తప్పితే హాస్పిటల్‌కి నేనే తీసుకెళ్ళాను. మీరు ఈయనకి ఏమవుతారని అడిగారు. వాళ్ళే పక్కింటావిడ అని రాసుకున్నారు.

అప్పటినుంచి ఆయన జ్ఞాపకం వెనక్కి నడుస్తోంది. ముందు నిన్నటిది పోయింది, తర్వాత పోయినేడాది, తర్వాత మా తొమ్మిదేళ్ళూ. రెండేళ్ళ కిందట ఒక పొద్దున టీకి వెళ్తే గేటుకి అడ్డంగా చెక్కలు పెట్టి మేకులు కొట్టి ఉన్నాయి. అవతల చేతిలో పాత సర్వే కాగితం పట్టుకుని నిలబడి, "చంద్రకళ గారూ, ఈ గేటు ఎవరి పర్మిషన్‌తో పెట్టిన్రు?" అన్నారు. అయ్యో, నువ్వూ నేనే కదా పెట్టుకున్నాం అని ఎంత చెప్పినా అది కూడా కుట్రే అనుకున్నారు. మర్యాద నేర్చుకోమని అడిగింది నేనే కదా. నేర్చుకున్నారు, ఇప్పుడు మర్చిపోమంటే మర్చిపోవడం లేదు.

6. ధాత్రి షరతు. ఆయన నేను పెట్టింది ముట్టరు, శత్రువు చేతి తిండి. బేబీ చెప్పినా మందులు మింగరు. బేబీ అంటే ఆయన్ని చూసుకోడానికి ఆయన కొడుకు అర్జున్ పెట్టిన ఆవిడ. ఒకరోజు ఉక్రోషంతో, నా గేదె మీ కంచె విరిచినందుకు జరిమానా ఇది, పుచ్చుకోండి అని ఇడ్లీల డబ్బా కంచె మీంచి అందించాను. పెద్దమనిషిలా గొంతు సవరించుకుని తీసుకున్నారు. నిలబడే నాలుగూ తిన్నారు. ఆనాటినుంచి నా గేదెలు రోజూ ఏదో ఒక నేరం చేస్తున్నాయి. ఆయన రోజూ పొద్దున ఏడింటికల్లా బూట్లు వేసుకుని కంచె దగ్గరికి వస్తారు, పోట్లాడతారు, జరిమానా తింటారు, చట్నీలో నలిపిన మాత్రతో సహా.

నా తదనంతరం ధాత్రి ఆ కంచె దగ్గర నిలబడవలసినది. రోజూ పోట్లాడవలసినది. మెత్తగా మాట్లాడితే అనుమానిస్తారు, గట్టిగా కేకలెయ్యాలి. ఇడ్లీ, పెసరట్టు, చలికాలం కిచిడీ. ఉప్మా జరిమానాగా చెల్లదని ఒకసారి వెనక్కి పంపారు.

7. ఆయన కొడుకు అర్జున్‌కి. బాబూ, పవర్ ఆఫ్ అటార్నీ నీది. ఆయన్ని విండ్సర్‌లో నీకు దగ్గర్లో ఉన్న వృద్ధుల హోమ్‌లో చేర్చాలనుకుంటున్నావు, అప్లై కూడా చేశావట. అది తప్పని అనలేను. నువ్వు షిఫ్టులు చేస్తూ, పిల్లల్ని చూసుకుంటూ, వారం వారం ఇంతదూరం డ్రైవ్ చేసుకుంటూ వస్తున్నావు. మీ అమ్మ పోయిన పదేళ్ళకి నేను వచ్చాననీ, అయినా నీకు నచ్చలేదనీ తెలుసు. నిన్ను ఆపే హక్కు నాకు కాగితం మీద లేదు. అందుకని అడుక్కుంటున్నాను. ఆ హోమ్ గదిలో కంచె ఉండదు. పొద్దున ఏడింటికి లేవడానికి ఆయనకి కారణం ఉండదు. కాళ్ళు ఆడినంతకాలం అక్కడే ఉండనీ. నీకు ఏదైనా రాసిస్తే లంచం అనుకుంటావని ఏమీ రాయలేదు. మీ నాన్న నాకు తెచ్చిన జీను నా కొట్టంలో ఉంది, నేను ఒక్కసారీ గుర్రమెక్కలేదు. అది నీ కూతురు అనన్యకి.

8. చిన్నవి. నా ఉన్ని కోటు, పెద్ద ప్రెషర్ కుక్కర్ బేబీకి. నా దగ్గర పార్ట్‌టైమ్ చేసే మధుమితకి ఏమీ రాయలేదు. రాస్తే సాక్షి సంతకానికి పనికిరాదట. అందుకని రబ్బరు బూట్లు ఇప్పుడే ఇచ్చేశాను, ఒక సైజు పెద్దవి, రెండు మేజోళ్ళు వేసుకో తల్లీ.

9. పైవన్నీ రాసి మూడు వారాలైంది. మధ్యలో నేనొక తెలివితక్కువ పని చేశాను.

ఆయన గెలిచిన మొహం నేను బతికుండగా చూడాలనిపించింది. ఆశ. పోయినవారం, సోమవారం నాడు త్యాగరాజుని తీసుకెళ్ళి నాలుగో క్లాజులో మొదటి వాక్యం ఆయనకి చదివి వినిపించమన్నాను. కంచె ఇవతల నిలబడి, ఓడిపోయాను కోదండరామ్ గారూ, స్థలం మీదే అన్నాను. ఎంత సంతోషపడ్డారో! త్యాగరాజు చెయ్యి పట్టుకుని ఊపేశారు. నాకు కూడా నమస్కారం పెట్టారు, పొరుగువాళ్ళన్నాక ఇవన్నీ మామూలే అన్నట్టు. ఇంటికొచ్చి హాయిగా పడుకున్నాను.

మర్నాడు ఏడింటికి ఆయన రాలేదు. ఎనిమిదిదాకా డబ్బా పట్టుకుని నిలబడ్డాను. ఆ మర్నాడూ రాలేదు. బేబీ ఫోన్ చేసింది, మంచం దిగడం లేదు ఆంటీ, పాలు తప్ప ముట్టడం లేదు అని. బూట్లు ఇస్తే, "కేసు అయిపాయె గద, ఇగ ఆడ నాకేం పని" అన్నారట. గురువారమూ అలాగే. మనిషిని నా చేతులతో నేనే చంపుకుంటున్నానని అర్థమైంది. శుక్రవారం నాకు నడిచే ఓపిక లేకపోతే ధాత్రి కారులో తీసుకెళ్ళింది. కిటికీ బయట నిలబడి, ఉన్న ఊపిరంతా కూడగట్టుకుని, ఆ కాగితం చెల్లదు, నేను అప్పీలుకి పోతున్నాను, ఒక్క అంగుళం కూడా ఇవ్వనని అరిచాను. లోపల మంచం కిర్రుమంది. "ఎట్ల పోతరో నేనూ చూస్త చంద్రకళ గారూ" అని వినిపించింది. బేబీని బూట్లు అడిగారు. కోర్టు ఖర్చుల కింద రెండు ఇడ్లీలు తిన్నారు.

కనుక నాలుగో క్లాజు ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. కొట్టెయ్యమని త్యాగరాజు అన్నాడు, చదివినవాళ్ళకి తెలియాలని ఉంచాను. పదకొండు అడుగులూ ధాత్రివే. ఆయన బతికున్నంతకాలం ఆమె వాటిని ఇవ్వకూడదు, అమ్మకూడదు, రాజీ పడకూడదు. నేను మనసారా ఇవ్వాలనుకున్నది ఆ ఒక్కటే, అది ఇవ్వకుండా పోతున్నాను. ఇంతకంటే నాకేం చేతకాలేదు.

10. నేను పోయానని ఆయనకి చెప్పకండి. శత్రువు పోయిందని నవ్వితే నేను భరించలేను. ఎందుకో తెలియకుండా ఏడిస్తే అసలే భరించలేను. ఆవిడ రాలేదేమని అడుగుతారు. అప్పీలు పని మీద ఒట్టావా వెళ్ళిందని చెప్పండి. రోజూ అడుగుతారు. రోజూ అదే చెప్పండి.

పైన రాసినదంతా మళ్ళీ ఒకసారి చదువుకుని, నాదేనని ఒప్పుకుని, సాక్షులిద్దరూ చూస్తుండగా, నేనూ వాళ్ళూ ఒకే గదిలో ఉండి చేవ్రాలు చేశాం.

2025 మే 14, బుధవారం, గ్వెల్ఫ్

(సంతకం) నూతక్కి చంద్రకళ

సాక్షులు:
1. మధుమిత, విద్యార్థిని, గ్వెల్ఫ్
2. లింగయ్య, దాణా ట్రక్కు డ్రైవరు, గ్వెల్ఫ్