మధ్యాహ్నం సైరన్

గని సందర్శనశాల మేనేజరుగారికి,

కొండ మీద ప్రశాంతమైన ఊరని బోర్డు పెట్టారు. నిజమే, గని మూసేశాక ఇక్కడ చప్పుడు చేసేవాళ్లెవరూ మిగల్లేదు. పాత రాతి ఇళ్లు ఫొటోల్లో బాగుండాలని, చెక్క వరండాల్లో బట్టలు ఆరేయొద్దన్నారు. మానేశాం. ఇప్పుడు నేను అడిగేది ఒక్కటే. రోజూ మధ్యాహ్నం సందర్శకుల సరదా కోసం మోగించే ఆ సైరన్ ఆపించండి.

గని నడిచిన రోజుల్లో షిఫ్టు మారితే చిన్న కూత వేసేవాళ్లు. పెద్ద కూత వేశారంటే లోపల పైకప్పు కూలిందని అర్థం. మీవాళ్లు వేస్తున్నది పెద్ద కూత. అది వినబడగానే మా అత్తగారు చేతిలో పని వదిలేసి, కాళ్లకు చెప్పులైనా లేకుండా గని దాకా పరిగెడుతుంది. ఆవిడకు మతి స్థిమితంగా లేదు. నిన్న మీ సందర్శకులు ఆవిడ చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు.

సాయంత్రం మీ గైడు మా ఇంటికొచ్చాడు. "పెద్దావిడ భలే చేస్తోందమ్మా. రోజూ పంపండి, కాస్త పాత చీర కట్టి" అన్నాడు.

అతను గుమ్మం దిగుతుంటే అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపింది. "నాయనా, అక్కణ్ణుంచేగా వస్తున్నావు. మావాడు పైకొచ్చాడా?"

అతను నవ్వి, "వచ్చేశాడమ్మా" అన్నాడు.

అప్పట్నుంచి ఆవిడ కొడుక్కి కంచం పెట్టుకుని కూర్చుంది. ఆ కొడుకు నా భర్త.

రేపు మీ గైడును ఒకసారి పంపండి. కొడుకు పైకి రాలేదని ఆవిడకు అతనే చెప్పాలి. ఆ మాట నేను ఒకసారి చెప్పాను. రెండోసారి నా వల్ల కాదు.

గని వీధి చివరింటి కోడలు