ప్రయాణాలు: ఏమీ లేవు

ఏప్రిల్ 24, గురువారం

కుడిచేతి చూపుడువేలి మీద చిన్న పుండు. నొప్పి లేదు. మానడమూ లేదు.

మే 17, శనివారం

వేలి నుంచి మోచేతి దాకా నాలుగు గడ్డలు లేచాయి, గీత గీసినట్టు వరసగా. మా అత్త పోశవ్వ చూసి అమ్మవారు పోసిందని తేల్చింది. వేపాకు కట్టింది. పనులు బంద్ చేసి కూసో బిడ్డా, అమ్మ నీ మీదికొచ్చింది అని తల నిమిరింది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆమె అట్లా నిమరడం ఇదే మొదటిసారి. కాలనీ డాక్టరు ఇచ్చిన యాంటీబయాటిక్ ఆమెకు కనబడకుండా మింగుతున్నాను.

జూన్ 12, గురువారం

యాంటీబయాటిక్‌తో తగ్గలేదని పోయిన నెల పంజాగుట్టలో స్కిన్ డాక్టరుకు చూపించుకున్నాను. గడ్డలోంచి ముక్క తీసి టెస్టుకు పంపింది. ఇవాళ రిపోర్టు. స్పోరోట్రైకోసిస్. స్పెల్లింగు అడిగి రాసుకున్నాను. అదొక ఫంగస్ అట. హిమాచల్ కొండల్లో ఉంటుందట, హైదరాబాద్‌లో తను చూడటం ఇదే మొదలట. డాక్టరు మంజుశ్రీ చిన్న వయసు పిల్ల. ఈ ఏడాదిలో ఎక్కడెక్కడికి పోయిన్రు ఆంటీ అని పెన్ను పట్టుకుని అడిగింది. ఎక్కడికీ లేదన్నాను. పోనీ ఐదేళ్లల్ల అంది. అమీర్‌పేట మార్కెట్. బోనాలకు బల్కంపేట గుడి, అన్నాను. ఆమె నవ్వలేదు. ట్రావెల్ హిస్టరీ: నిల్ అని రాసింది. ఆ మాట చాలాసేపు చూశాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన ఓంప్రకాష్ టీవీ మీంచి చూపు తిప్పకుండా, నాకు చెప్పకుంట సిమ్లా ఎప్పుడు పోయొచ్చినవే అన్నాడు. తన జోకుకు తనే నవ్వుకున్నాడు.

అదే రోజు, సాయంత్రం 6

తప్పు నాదే. ఫంగస్ అంటే ఏందే అని అత్త అడిగింది. బూజు అన్నాను. వేరే మాట తోచలేదు. చేతికి కట్టిన వేపాకు అప్పటికప్పుడు విప్పి పారేసింది.

జూన్ 15, ఆదివారం

నా కంచం, గ్లాసు వేరు. పై వాటాలోంచి తోడికోడలు వనిత దిగొచ్చి వంట చేస్తోంది. అంటుకోదని డాక్టరు చెప్పింది అత్తమ్మా అన్నాను. ఆ డాక్టరేమన్న మన ఇంట్ల తింటదా అంది. ఈసారి బోనం సుత వనితే వండి ఎత్తుకుంటుందట. బూజు చేతి బువ్వ అమ్మవారు ముట్టదట.

ముప్పై ఏళ్లుగా ఆ బోనం వండేది నేను. శనివారం శనివారం ఈ ఇంటి బూజు దులిపేదీ నేనే.

జూన్ 17, మంగళవారం

ఈ ఏడాది పేజీలన్నీ తిరగేశాను. మార్చి 6: పుదీనా వేయడానికి పండ్ల బండాయనను అడిగి ఖాళీ ఆపిల్ పెట్టె తెచ్చాను, గడ్డితో సహా. చెక్క పేడు గుచ్చుకుంది. చూపుడువేలు. పసుపు పెట్టాను.

మేడ మీదికి పోయి పుదీనా పక్కకు తోసి చూశాను. చెక్క మీద ఇంగ్లీషు అక్షరాలు, సగం చెరిగి. సిమ్లా.

నేను పోలేదు. అదే వచ్చింది.

జూన్ 19, గురువారం

డైరీ తీసుకెళ్లాను. మంజుశ్రీ ఆ పేజీ రెండుసార్లు చదివి ఫోటో తీసుకుంది. పెట్టె చెక్క టెస్టు చేస్తేగానీ ఖాయం కాదట, కానీ చాలావరకు ఇదేనట. గోళీలు నెలల తరబడి మింగాలి. రోజూ ఇట్ల రాస్తరా ఆంటీ, మస్తుంది అంది.

ఇందులో ఒక పేజీ ఇంకొకరు చదవడం ఇదే మొదలు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

జూలై 6, ఆదివారం

గడ్డలు అణుగుతున్నాయి. కంచం ఇంకా వేరే.

జూలై 20, ఆదివారం, ఉదయం 9

వనిత బోనం ఎత్తుకుంది. డప్పుల వెంట అందరూ వెళ్లారు. ఆయన తాళంచెవి నా చేతికి ఇవ్వబోయి, కిటికీలో పెట్టి పోయాడు.

ఒకటి పగిలినా ఇంకోటి ఉండాలని ఏటా రెండు కుండలు తెప్పిస్తాను. రెండోది అటక మీదుంది.

మధ్యాహ్నం 3

బోనం వండి ఎత్తుకుని బల్కంపేట వెళ్లి వచ్చాను. ఒక్కదాన్నే, నడిచి. లైన్లో ఎవరో ఒకామె తన బోనం దించుకోవడానికి నా చెయ్యి పట్టుకుంది. ఏ చెయ్యో చూడలేదు.

మంజుశ్రీకి చెప్పాలి. ప్రయాణాలు: ఒకటి.