ఎముక పట్టుకునే లోహం

మరియమ్మా, నీ తుంటికి వేసిన రాడ్డు గుర్తుందా? ఎముక పట్టుకోక అది వదులైపోయింది. రేపల్లె బండి కుదిపినప్పుడల్లా, "వాక్యం తర్వాత చెబుదురుగాని, ముందు నన్ను పట్టుకోండి" అనేదానివి.

మన రూతు మద్రాసులో అలాంటి కాళ్ళ కోసమే కొత్త లోహం చేస్తోంది. నిన్న ఇంటికొచ్చి, స్పంజిలా రంధ్రాలున్న ముక్కను వంచి వేడినీళ్ళలో వేసింది. అది తన పాత ఆకారానికి వచ్చేసింది. నేను వెంటనే యెహెజ్కేలు ప్రవక్త చూస్తుండగా ఎండిన ఎముకలు బతికి లేచిన వాక్యం ఎత్తుకున్నాను.

"ఆగు నాన్నా. పోయినసారి రంధ్రాలు ఇరుకై ఎముక లోపలికి పెరగలేదు. ఈసారి పెద్దవి చేశాం" అంది.

ఎల్లుండి కుందేలు కాలిలో పెడతారట. ఈసారీ ఎముక పెరగకపోతే ఈ పనే మానేస్తుందట.

చనిపోయినవాళ్ళను ఏమీ అడగకూడదని బాపట్ల ప్రార్థన కూడికల్లో బల్ల గుద్ది చెప్పినవాణ్ణి. అయినా అడుగుతున్నాను. ప్రభువు దగ్గరే ఉన్నావు కదా, మన పిల్ల కోసం ఇవాళే ఆయన్ను అడుగు.