రెండు గుప్పిళ్ళ పేరు

హైదరాబాదు,
శుక్రవారం.

గుంటూరులో ఉన్న మా హుస్సేనమ్మ అక్కయ్యకు తమ్ముడు దస్తగిరి సలాములు చేసి రాసుకునే సంతోషపు కబురు. అల్లా దయ వల్ల, నీ దీవెన వల్ల నేనూ, నీ మరదలూ, నీ మేనకోడలు రజియా బాగున్నాం. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మిరప యార్డు ఘాటుకి బావకి వచ్చే దగ్గు తగ్గిందా?

అక్కయ్యా, ఇక ఆగలేను. మన రజియా ఉద్యోగం ఖాయమైంది! ఇచ్చిన పని కుదరకపోతే ఇంటికి పంపేస్తామన్నారట. నీకు దిగులెందుకని ఇన్నాళ్ళూ రాయలేదు.

నాకు అర్థమైనంత చెబుతాను. కంప్యూటర్లో ఎక్స్‌ఎమ్‌ఎల్ అని ఒక రకం కాగితాలుంటాయి. 'ఇక్కడ పేరు మొదలు', 'ఇక్కడ పేరు అయిపోయింది' అని ప్రతిదానికీ ముందొక గుర్తు, వెనకొక గుర్తు. వాటిని చదివి విడదీసే ప్రోగ్రాము మన పిల్ల జావా అనే భాషలో రాయాలి. అందులో ఒక్కో పనికి ఒక్కో మనిషిని నిలబెట్టినట్టు రాస్తారట. చదివి అందించేవాడొకడు, అందుకుని దాచేవాడొకడు. కానీ మన పిల్ల రాసినదాంట్లో కొన్ని పేర్లు సగమే మిగిలేవి.

"సగమన్నా వస్తున్నాయిగా తల్లీ" అన్నాను, ధైర్యం చెబుదామని.

"నిన్ను గిరీ అని పిలిస్తే పలుకుతావా నాన్నా?" అంది. నీ మరదలు నవ్వింది గానీ పిల్ల నవ్వలేదు. అన్నం కెలికి లేచిపోయింది.

మొన్న సాయంత్రం చెప్పులతోనే లోపలికి పరిగెత్తుకొచ్చింది. "నాన్నా, దొరికింది! దిండు సంచిలో రెండో గుప్పెడు దూది పెట్టేటప్పుడు మొదటి గుప్పెడు తీసి పారేస్తావా?"

"ఎవడన్నా పారేస్తాడటే పిచ్చిదానా!"

"నేను పారేశా. పేరు ఒక్కోసారి రెండు ముక్కలుగా అందుతుంది. రెండోది రాగానే మొదటిది పోగొట్టా. ఇప్పుడు 'అయిపోయింది' అనే గుర్తు వచ్చేదాకా కూరుతూనే ఉండమని రాశా. ఆ తర్వాతే మూతి కుట్టడం!"

ఆఫీసులో పెద్దసారు ఆ తప్పు ఎలా పట్టుకున్నావని అడిగితే, అందరి ముందూ "మా నాన్న దూదేకుతాడు సార్, దిండ్లు కుడతాడు" అని మొదలుపెట్టి ఇదంతా చెప్పిందట. కాలేజీ రోజుల్లో స్నేహితులతో 'మా నాన్న వ్యాపారం చేస్తాడు' అన్న పిల్లేగా అక్కయ్యా ఇది!

ఇదంతా నీ పుణ్యమే. ఆడపిల్లకి ఇంత చదువెందుకని నలుగురూ అంటుంటే "నా ఇంట్లో తింటంది, మీకేం నొప్పి?" అని నోళ్ళు మూయించి, నీ దగ్గర పెట్టుకుని చదివించావు. ఈ జన్మకి మరువను.

ఇక్కడ అందరూ పరుపులు షాపులోనే కొంటారు. నన్ను పలకరించే నాథుడే లేడు. కారానికి రంగే గానీ ఘాటు లేదు. ఎవరన్నా ఇటు వస్తుంటే కాస్త మన కారం పంపు.

పిల్ల ఉద్యోగం పోతే గుంటూరు వచ్చేద్దామని కట్టి ఉంచిన మూట ఈ పొద్దున విప్పాను. దూదేకే విల్లు హాల్లో గోడకి తగిలించమంది రజియా.

"నీ ఆఫీసు వాళ్ళు వస్తే చూస్తారమ్మా" అన్నాను.

"అందుకే తగిలించమన్నాను" అంది.

బావకి సలాములు. పిల్ల నెత్తిన నీ చెయ్యి పెట్టినట్టుగా నాలుగు మాటలు రాయించు.

ఇట్లు,
నీ తమ్ముడు
దస్తగిరి