పది దాకా లెక్కబెట్టమంటే

నాగలత వాళ్లమ్మకు,

కర్నూలు ఆస్పత్రి నుంచి రాసేదేమంటే, నేను బాగుండా. కడపలో నువ్వూ, నాగలతా, పసిబిడ్డా బాగుండారని మేనల్లుడు మహానంది చెప్పినాడు. ఆస్పత్రి అనంగానే ఏడ్పు మొదలుపెట్టొద్దు. మొత్తం చదివించుకో.

ముసలోడు ఫోన్ ఎందుకెత్తడని మహానందిని తిట్టినావంట. ఎద్దులకు మేత ఎవురేస్తాండారని అడిగితివి. పక్కింటి ఓబులేషు ఏస్తాండాడు. మనవరాలు నా పోలికా అని నేను వానితో అడిగించిన దానికి మాత్రం నువ్వు జవాబు చెప్పలేదు.

నా మెడలో కుడిపక్క గడ్డ లేచింది. రెండేండ్లు టవాలు కప్పుకోని తిరిగినా. నువ్వు నాగలత కాన్పుకు పోయినాక మింగుడు పడక ఈడికొచ్చినా. డాక్టరమ్మ గడ్డను నొక్కింది, నాకు దగ్గొచ్చింది. మళ్లా నొక్కింది, మళ్లా దగ్గు.

"ఏమ్మా, బస్సు హారన్ అనుకుంటివా?" అన్నా.

నవ్వింది. "ఇది నరం మీద గడ్డ తాతా. శానా తక్కువ మందికొస్తాది" అనింది.

అందరికీ వచ్చేది నాకెందుకొస్తాది? మిషన్లో పండబెట్టి ఫోటోలు తీసినారు. క్యాన్సర్ కాదంట. గానీ ఆ నరం గొంతుకు పోయేది. తీస్తే మాట పోవచ్చు, తీయకుంటే గడ్డ పెరుగుతాది అనిరి. తియ్యమంటి. నువ్వొస్తే పచ్చి బాలెంతను ఎవురు చూస్తారని నీకు చెప్పలేదు. తిట్టుకో.

పోయిన బుధవారం కోసినారు. తాడు పురులు తెగకుండా విడదీసి నడుమ ఇరుక్కున్న రాయిని తీసినట్టు, నరం పోగులు జరిపి గడ్డ తీసిందంట. గట్టి చెయ్యి. ఇప్పుడు మాట గరగరమని గాలి మాదిరొస్తాది. నెలలు పట్టినా శానా మటుకు తిరిగొస్తాదంట.

ఈడ నుంచి నాగలతతో చదివించొద్దు. నువ్వే కూడబలుక్కోని చదువుకో.

కోసేముందు నా గొంతు రికార్డు చేసినారు, తర్వాత దాంతో పోల్చుకునేదానికి. "పది దాకా లెక్కబెట్టు తాతా" అనింది డాక్టరమ్మ. అంకెలు పోతే పోనీలే అనుకుంటి. నలభై ఏండ్లుగా నిన్ను "ఏమే" అని తప్ప పిలిచినోన్ని కాదు. మాట పోయినాక పిలవాలన్నా రాదు గదా. "రామసుబ్బా" అన్నా. పదిసార్లు అన్నా.

"అవ్వ పేరా?" అని అడిగింది.

"నీకెందుకు, రికార్డు చేసుకో" అంటి.

సోమవారం మళ్లా అదే మాట పలకమంటారు. నాగలతను ఒక్కరోజు వాళ్లత్తకు ఒప్పజెప్పి రా. నా పక్కన నిలబడొద్దు, నాకు నోరు రాదు. వరండాలో నిలబడు. వినబడితే ఆఁ అని పలుకు.

ఇట్లు,
నాగలత నాయన,
తిమ్మయ్య